ఆరో గ్యాలరీలో పేరు దింపడం

నమోదు 1

మండలి మెకానిక్ ఓదెలు పెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. మూడు వరుసల్లో మొదటిదాన్ని కొట్టేసి సేవ్ చేశాడు. ఆరో గ్యాలరీలో ఇవాళ జరిగిన పని ఇంతే. చూసి రమ్మని బులెటిన్ ఆఫీసు పంపింది కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

పెట్టె అంటే గ్యాలరీ రూటర్, భూమి కింద మేముండే ఒక్కో గ్యాలరీకి ఒకటి. ఫ్యాన్లు, తలుపులు, నీళ్ల పంపు, దీపాలు అన్నీ దాని ద్వారానే నడుస్తాయి. ఆపి మళ్లీ వేస్తే దానికి ఏదీ గుర్తుండదు. తన సిస్టమ్ ఎక్కడ వెతుక్కోవాలో చెప్పే మూడు వరుసలు మాత్రం చెరగవు. మొదటి వరుస, నీ లోపలున్న కార్డు చూడు. అక్కడ లేకపోతే రెండోది, మండలి సర్వర్‌ని అడుగు. సర్వరూ పలకకపోతే మూడోది, చిప్పులోనే ఉన్న చిన్న ప్రోగ్రాంతో లే. ఆ చిన్న ప్రోగ్రాం ఒక దీపం వెలిగించి, ఎవరైనా వచ్చి టైపు చేస్తారేమోనని కాచుకుంటుంది. ఫ్యాన్ తిప్పడం దానికి చేతకాదు.

ఓదెలు మొదటి వరుస తీసేశాడు. కార్డు ఊడబెరికి సంచిలో వేసుకున్నాడు. కార్డులు పాతబడ్డాయని, ఒక్కో గ్యాలరీలో ఒక్కో రకం సిస్టమ్ నడుస్తోందని, ఇకపై అందరూ సర్వర్ నుంచే తీసుకోవాలని గ్యాలరీలన్నిటినీ నడిపే మండలి ఉత్తర్వు. పని ఆరో గ్యాలరీతో మొదలుపెట్టారు.

గ్యాలరీ మేస్త్రీ మల్లుబాయి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. పుట్టగొడుగుల తొట్లు కడుగుతూ లేచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా తడి.

"అయిందా?" అంది.

"అయింది."

"మరేం మారింది? ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది."

"ఇప్పుడేం మారదక్కా. మా తమ్ముని లెక్క. నిద్రపోనియ్యకుంటే నిన్నటి మాట మీదనే ఉంటడు. పండుకుని లేస్తే వేరే మనిషి."

"నువ్వు పండుకుని లేసినా గట్లనే ఉంటవు గద, ఏం బాగుపడకుండ."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓదెలు కూడా నవ్వాడు. మల్లుబాయి నవ్వలేదు. "కార్డెందుకు పట్కపోతున్నవ్?" అని అడిగింది.

"తెమ్మన్నరు, తీస్కపోతున్న."

నమోదు 2

మండలికీ ఆరో గ్యాలరీకీ నడుస్తున్న తగాదా తెలిస్తేనే పై సంగతి అర్థమవుతుంది.

కింది ఊటల వైపు కొత్త సొరంగం తవ్వుతున్నారు. పైన ఎండ ముదిరేకొద్దీ మా ఊటలు దిగిపోతున్నాయి. మొదటి గ్యాలరీలో నేను గుడ్డ తడిపి ఒళ్లు తుడుచుకోవడమే స్నానం. సొరంగం కావాలి, అందులో అబద్ధం లేదు. తవ్వే పని ఆరో గ్యాలరీది, ఎందుకంటే పాత బొగ్గు గని రోజుల నుంచి తవ్వకం తెలిసినవాళ్లు వాళ్లే. సొరంగం పైకప్పు మెత్తటి రాయి. కర్రలు ఆనించకుండా ముందుకు పోవద్దని వాళ్లు చెప్పారు. కర్రలు లేవు, పొండి అని మండలి చెప్పింది. పోయారు. కప్పు కూలింది. మల్లుబాయి తమ్ముడు ఇంకా ఆ రాళ్ల కిందే ఉన్నాడు. తీయడానికి పోయినవాళ్ల మీద మళ్లీ రాలింది.

అప్పటి నుంచి ఆరో గ్యాలరీ పనికి పోవడం లేదు. కర్రలు వచ్చేదాకా ఒక్క మనిషిని కూడా ఆ కప్పు కిందికి పంపనని మల్లుబాయి మండలి మొహం మీదే చెప్పింది.

మండలి వాళ్లను బలవంతపెట్టలేదు. పెట్టడానికి వీల్లేదు. మా శాసనం మొదటి వాక్యమే అది: ఎవరి చేతితోనూ ఏ గ్యాలరీకీ గాలి ఆగకూడదు. ఆపిన చేతిని ఎండలోకి పంపుతారు. నాకు తెలిసి ఇద్దర్ని పంపారు, తిరిగి రాలేదు.

నమోదు 3

మల్లుబాయి తండ్రి కనుకయ్యను చూడటానికి వెళ్లాను. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. గోడకి ఆనుకుని కూర్చుంటాడు, పడుకుంటే ఊపిరాడదు. మాట్లాడే ముందు గాలి కూడబెట్టుకుంటాడు.

"వార్తలమ్మా, నా వార్త రాసినవా?" అన్నాడు.

"ఇంకా రాలేదు మామా, వస్తే రాస్తా."

"జల్దినే వస్తది. పెద్దక్షరాలు పెట్టు."

భార్య పోశవ్వ చీరకొంగుతో ఆయన మూతి తుడిచింది. "ఊరికే ఉండు. గాలంతా మాటలకే పెడ్తవు," అని కసిరింది. మల్లుబాయి కూతురు జాబిలి తాత కాళ్ల మీద కూర్చుని గోటితో గోడ మసి గీరుతోంది.

మల్లుబాయి నన్ను పక్కకి పిలిచింది. ఆమె భయం నాకు ముందే తెలుసు.

గ్యాలరీల్లో మనిషి పోతే పేరు దింపుతారు. దగ్గరివాళ్లు తమ చేత్తో పెట్టె స్విచ్ ఆపుతారు. ఫ్యాన్ ఆగుతుంది, దీపాలు పోతాయి, ఆ చీకట్లో ఆడవాళ్లు శోకం తీస్తారు. మళ్లీ స్విచ్ వేస్తారు. పెట్టె లేచి, మనుషుల పేర్లు ఎక్కించిన ముంజేతి కడియాలన్నిటినీ కొత్తగా లెక్కబెట్టి, ఉన్నవాళ్ల పేర్లు బయటికి చదువుతుంది. పిలిచినవాళ్లు "ఉన్న" అంటారు. పోయిన మనిషి పేరు రాదు. పేరు దిగేదాకా ఇంటి ఆడమనిషి నీళ్లు ముట్టదు. మొదటి తరంలో సిస్టమ్‌కి ఒక లోపం ఉండేదట. ఆపి వేస్తే తప్ప పేరు పోయేది కాదు, చచ్చినవాళ్ల వంతు గాలి కూడా కొలిచేది. ఆ లోపం సరిచేసి చాలా కాలమైంది. ఆచారం మాత్రం నిలిచిపోయింది.

"మా నాయిన ఎక్కువ రోజులుండడక్కా," అంది మల్లుబాయి. "ఆయన పోతే స్విచ్ నేనే తిప్పాలె. తిప్పినంక పెట్టె సర్వర్‌ను అడుగుతది. సర్వర్ ఇయ్యకుంటే?"

"ఆపకుండా ఉండలేరా?"

లోపల కూర్చున్న పోశవ్వ విన్నది. "నా పెనిమిటి పేరు పెట్టెల ఉండంగ నేను నీళ్లు తాగుతనా?" అంది గట్టిగా. కనుకయ్య కళ్లు మూసుకునే ఉన్నాడు, పెదాల మీద నవ్వు కనిపించింది.

మల్లుబాయి తల్లి వైపు చూసి మళ్లీ నా వైపు తిరిగింది. "సర్వర్ల మా ఫైలు ఉన్నదో లేదో చూసి చెప్పు. నువ్వు ఉన్నదంటే తిప్పుత, లేదంటే తిప్ప. మండలి మాట నమ్మ, ఓదెలు మాటా నమ్మ."

నమోదు 4

మండలి కార్యదర్శి నరహరిని కలిశాను. ఆయన గదిలో నీళ్ల కుండ మూత మీద తాళం ఉంటుంది. నాకు అర గ్లాసు పోసి తాళం వేశాడు.

"ఆరో గ్యాలరీ సిస్టమ్ ఫైలు సర్వర్‌లో ఉందా?" అని అడిగాను.

"ఉంది. నా మాట వద్దు, మీరే చూసుకోండి." స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఫైలు ఉంది. పేరు సరిగ్గా ఉంది. పెట్టెలో రెండో వరుసలో ఉన్న పేరూ, ఇదీ అక్షరం తేడా లేకుండా ఒకటే. సైజు చూశాను. కార్డులో ఉన్నదానికంటే కాస్త పెద్దది.

"పెట్టె అడిగితే సర్వర్ ఇవ్వనంటుందా?"

"అనదు. అంటే గాలి ఆపినట్టే. నాకు ఎండలోకి పోయే సరదా లేదండీ."

"లేచాక ఫ్యాన్ తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

మూడు జవాబులూ ఆయన చెప్పినవి చెప్పినట్టే రాసుకున్నాను. ఆయన స్క్రీన్ మళ్లీ తన వైపు తిప్పుకుంటూ, "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు.

లేదన్నాను.

బయట ఓదెలు కనిపిస్తే సైజు సంగతి అడిగాను. "కొత్తది పాతదానికంటె పెద్దగనే ఉంటది. కొత్త అల్లుని ఆకలి లెక్క," అన్నాడు. లోపలేముందో చూశావా అని అడిగితే, "నాకు వరుస కొట్టెయ్యమన్నరు, కొట్టేసిన. ఫైలు పొట్ట కోసి చూసే పని నాది కాదు," అన్నాడు.

అయినా ఖాళీ ఫైలు కావచ్చని అనుమానం వచ్చింది. సామాను గదిలో పాత పెట్టె ఒకటి పడి ఉంటే, ఓదెలు చేత దాని రెండో వరుసలో ఆరో గ్యాలరీ ఫైలు పేరు రాయించి లేపించాను. లేచింది. దానికి కట్టిన ఫ్యాన్ గిర్రున తిరిగింది. నా కడియం అక్కడ ఉంది కాబట్టి నా పేరు చదివింది. "ఉన్నాను," అన్నాను. ఓదెలు పేరు కూడా చదివింది.

నమోదు 5

చూసింది చూసినట్టు మల్లుబాయికి చెప్పాను. ఫైలు ఉంది, సర్వర్ ఇస్తుంది, పెట్టె లేస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది.

"నీ కండ్లతోని చూసినవా?"

"చూశాను."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. వదిలాక నా అరచేతులకి పుట్టగొడుగుల మట్టి అంటింది.

నమోదు 6

కనుకయ్య పోయాడు. తాగుతున్న నీళ్లు మింగలేదు, అంతే. పోశవ్వ ఆయన కడియం తీసి తన ఒళ్లో పెట్టుకుంది. దప్పిక అవుతున్నా పెదాలు తడుపుకోలేదు.

గ్యాలరీ అంతా పెట్టె చుట్టూ చేరింది. మంచం పట్టినవాళ్లను కూడా మోసుకొచ్చారు, పేరు పిలిచినప్పుడు పలకాలి కదా. పిల్లలకి ఇది పండగలా ఉంటుంది. ఎవరి పేరు గట్టిగా వినిపిస్తుందో అని పందేలు వేసుకుంటారు.

మల్లుబాయి స్విచ్ మీద చెయ్యి పెట్టి నన్ను వెతికింది. జనంలోంచి నేను తల ఊపాను. తిప్పింది.

ఫ్యాన్ ఆగిన చప్పుడు పెద్దది. ఆ తర్వాత చీకటి, శోకం. పోశవ్వ భర్తను పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది. బతికున్నంతకాలం ఆ పేరు ఆమె నోట ఎవరూ వినలేదట.

మల్లుబాయి మళ్లీ స్విచ్ వేసింది. మొదట ఏమీ కాలేదు. తర్వాత దీపాలు వచ్చాయి, ఫ్యాన్ కదిలింది. ఎవరో "లేసింది" అని అరిచారు. చప్పట్లు కూడా కొట్టారు.

పెట్టె ఇళ్ల వరసలో పేర్లు చదవడం మొదలుపెట్టింది. మల్లుబాయి ఇల్లు మొదటిది.

"మల్లుబాయి."

"ఉన్న."

కనుకయ్య పేరు రాలేదు. ఆడవాళ్లు మళ్లీ ఏడ్చారు, ఈసారి నెమ్మదిగా. ఎవరో పోశవ్వకి నీళ్ల గ్లాసు అందించారు. ఆమె గ్లాసు పట్టుకుని తన పేరు కోసం ఆగింది.

పెట్టె పక్కింటికి పోయింది.

"నన్ను పిలువలేదు," అంది పోశవ్వ.

"జాబిలినీ పిలవలేదు," అన్నారెవరో.

పక్కింట్లో అన్నదమ్ములిద్దరి పేర్లు చదివింది. వాళ్ల తల్లి పేరు రాలేదు. ఆ తర్వాతి ఇంట్లో భార్యాభర్తల పేర్లు వచ్చాయి, పిల్లల పేర్లు రాలేదు. మంచం మీద మోసుకొచ్చిన ముసలాయన తన ఇంటి వంతు వచ్చేసరికి పిలవకముందే "ఉన్న" అన్నాడు. పెట్టె ఆయన మనవడి పేరు చదివి ముందుకు పోయింది. "ఏయ్, నేనున్న! నేనున్ననే!" అని కడియం పైకెత్తి ఊపాడు.

పలికే గొంతులు తగ్గుతూ వచ్చాయి. చివరి ఇల్లు అయ్యేసరికి, పారా పట్టగలిగిన వాళ్ల పేర్లు తప్ప ఇంకెవరివీ రాలేదని అందరికీ అర్థమైంది.

చదవడం అయ్యాక ఫ్యాన్ వేగం తగ్గింది. చదివిన పేర్లకి ఎంత గాలి కావాలో అంత వేగంలో నిలిచింది.

నమోదు 7

పేరు లేని కడియానికి తలుపులు తెరుచుకోవడం లేదు. నా కడియం మొదటి గ్యాలరీది కాబట్టి నేను బయటపడ్డాను. తలుపు మూసుకునే లోపు ఒక తల్లి తన పిల్లను నా వెనకే తోసింది. తలుపు గుర్తుపట్టి సగంలో ఆగింది. పిల్లను వెనక్కి లాక్కుంటే గానీ మళ్లీ కదలలేదు.

ఓదెలును వెంటబెట్టుకుని మళ్లీ ఆరో గ్యాలరీకి పోయాను. పెట్టె ముందు కూర్చుని మూడుసార్లు ప్రయత్నించాడు. "నా పాస్‌వర్డు తీసుకుంటలేదు. వరుసలు చూడనిస్తలేదు కూడా." పాత కార్డు పెట్టమని మల్లుబాయి అడిగింది. కార్డులు వచ్చినవి వచ్చినట్టు మండలి గదిలో సుత్తితో కొట్టేస్తున్నారని చెప్పాడు. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేదు. ఎవరో అతని సంచిని తన్నారు. తీసుకుని వెళ్లిపోయాడు.

మల్లుబాయి నాతో ఒక్క మాటే మాట్లాడింది.

"నువ్వు అబద్ధం చెప్పలేదక్కా. నాకు తిట్టెతందుకు గూడ లేకపాయె."

నమోదు 8

నరహరి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మళ్లీ అర గ్లాసు పోశాడు. నేను ముట్టలేదు.

"గాలి ఆపారు," అన్నాను.

"ఎవరికి? పేరున్న ప్రతి మనిషికీ పూర్తి గాలి వస్తోంది. కొలిచి చూసుకోండి."

"పేరు లేనివాళ్లకి?"

"పేరున్నవాళ్ల పక్కన కూర్చోవద్దని మేం అనలేదే. అయినా చెయ్యి ఎవరిదండీ? స్విచ్ తిప్పింది మల్లుబాయి. శాసనం కఠినంగా చదివితే ఎండలోకి పోవాల్సింది ఆమే. మేం అది అడగడం లేదు."

"పేరు ఎక్కాలంటే?"

"కొత్త సొరంగంలో ఒక షిఫ్టు చేసినవాళ్లు తమది కాక ఇంకొక పేరు ఎక్కించుకోవచ్చు. షిఫ్టుకి పోయినన్నాళ్లూ ఆ పేరు ఉంటుంది."

"ఇంట్లో ఇద్దరుంటే?"

"ఒక కడియానికి ఒక పేరే. సిస్టమ్ అలా రాశారు."

"కర్రలు?"

"కర్రలు లేవని ముందే చెప్పాం."

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయనకి కోపం రాలేదు. కాస్త జాలిగా చూశాడు.

"ఫైలు ఉందా అన్నారు, ఉందన్నాను. ఇస్తుందా అన్నారు, ఇస్తుందన్నాను. అందులో ఏముందని అడిగి ఉంటే అదీ చెప్పేవాడిని. ఇంకేమైనా అడగాలా అని కూడా అడిగాను కదండీ."

సామాను గదిలో ఆ పెట్టె నా పేరూ ఓదెలు పేరూ చదివింది. ఇద్దరం పనిచేసే వయసువాళ్లమే. ముసలివాళ్లను గానీ పిల్లలను గానీ ఎవరినైనా ఒక్కరిని ఆ గదిలోకి తీసుకుపోయి ఉంటే తెలిసేది.

రాసి బులెటిన్‌కి ఇచ్చాను. ఒక్క వాక్యం కూడా కొట్టేయకుండా వేశారు. మిగతా గ్యాలరీల్లో అందరూ చదివారు. నీళ్ల దగ్గర వరసలో నా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి, "పాపం," అంది. తర్వాత, "అయితే ఊట దాకా ఎన్నాళ్లు పడుతుందంటారు?" అంది.

నమోదు 9

ఆరో గ్యాలరీలో దీపాలు సగం ఆర్పేశారు. మంట పెట్టడం లేదు, పుట్టగొడుగులు పచ్చివే తింటున్నారు. పిల్లలను పరిగెత్తనివ్వడం లేదు. అందరికీ తలనొప్పి. మంచం మీది ముసలాయన కనుకయ్య వెనకే పోయాడు. ఆయన పేరు దింపడానికి ఎవరూ స్విచ్ దగ్గరికి పోలేదు. దింపడానికి పేరు లేదు.

పెట్టె కింద మల్లుబాయి అందరినీ కూర్చోబెట్టింది. మాట్లాడటానికి లేచింది.

"ఒక్క మనిషిని గూడ ఆ కప్పు కిందికి పంపనన్న," అంది. "పంపుతున్న."

వెనక నుంచి ఒకతను అరిచాడు. "నీ తమ్ముడింక అండ్లనే ఉన్నడు మేస్త్రీ! ఆయన మీదికెళ్లి నడవమంటవా?"

"అవును, ఆయన మీదికెళ్లే. నేను ముందు నడుస్త."

షిఫ్టుకి పోయేవాళ్ల పేర్లు ఆమే పిలిచింది. పిలిచినవాళ్లు అలవాటుగా "ఉన్న" అని లేచారు.

ఆ తర్వాతిది ఇళ్లలో జరిగింది. ఎవరు ఎవరి పేరు ఎక్కిస్తారన్నది. నేను ఒక్క ఇంట్లోనే ఉన్నాను. మల్లుబాయి తల్లి ముందు కూర్చుంది. పోశవ్వ ఒళ్లో జాబిలి నిద్రపోతోంది, నోరు తెరుచుకుని, గబగబా ఊపిరి పీలుస్తూ. పోశవ్వ ఆ పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి కూతురికి చూపించింది. మల్లుబాయి లేచి పారా తీసుకుంది.

నమోదు 10

సొరంగం మూతి దగ్గర గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. పైకప్పు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. నీళ్లు దగ్గరికొస్తున్నాయని మండలికి అది శుభవార్త. రాయి ఇంకా మెత్తబడుతోందని తవ్వేవాళ్లకి తెలుసు. కర్రలు లేవు.

వరసలో మల్లుబాయి మొదటిది.

"ఎవరి పేరు?" అన్నాడు గుమాస్తా.

ఆమె ఆగింది. వెనక ఉన్నవాళ్లు తోయలేదు.

"జాబిలి."

అతను నొక్కాడు. "తర్వాత," అన్నాడు. ఆమె తల వంచి లోపలికి పోయింది. వరస కదిలింది. ఎక్కువగా పిల్లల పేర్లే వినిపించాయి.

షిఫ్టు అయ్యాకే పేర్లు ఎక్కుతాయి. నేను ఆరో గ్యాలరీకి వెళ్లి పోశవ్వ పక్కన కూర్చున్నాను. నేను పీల్చే గాలి కూడా వాళ్లదేనని గుర్తొచ్చి లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఆమె పెదాలు నల్లబడ్డాయి. జాబిలికి నెమ్మదిగా నేర్పుతోంది. "పిలవంగనే ఉన్న అనాలె. గట్టిగ అనాలె. సిగ్గుపడొద్దు."

షిఫ్టు ముగియగానే పెట్టె పలికింది. పిల్లల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి.

"జాబిలి."

"ఉన్న!"

ఫ్యాన్ వేగం కొద్దిగా పెరిగింది. పోశవ్వ మనవరాలి నెత్తి నిమిరి నా వైపు తిరిగింది.

"మల్ల పోయిండ్రా లోపటికి?"

"పోతున్నారట. రెండో షిఫ్టు కూడా చేయమన్నారు."

"సరే." కాసేపు ఊపిరి కూడబెట్టుకుంది. "నా పేరు మా ఆయన తోటే దిగింది గద బిడ్డా. మరి నా కోసం ఎవ్వలేడ్వరేందే?"

ఆమె కొంగు నడుముకి చుట్టుకుని, పోశవ్వా అని తన పేరు తానే పెట్టి శోకం ఎత్తుకుంది. ఏడ్చేవాళ్లకి గాలి ఎక్కువ పడుతుందని అక్కడ అందరికీ తెలుసు. పక్కింటి అన్నదమ్ముల తల్లి ఊరుకోమని చెప్పడానికన్నట్టు లేచి వచ్చింది. వచ్చి పక్కన కూర్చుని తన పేరు పెట్టుకుని ఏడ్చింది. తర్వాత గోడల వెంట కూర్చున్న ముసలివాళ్లు ఒక్కొక్కరే అందుకున్నారు, ఎవరి పేరు వాళ్లు. పిల్లలు అది ఆటనుకుని, ప్రతి పేరుకీ "ఉన్న, ఉన్న" అని అరిచారు.

తలుపు దాటి సొరంగం మూతి దాకా నడిచాను. శోకం అక్కడికీ వినిపిస్తోంది. గుమాస్తా బల్ల మీది దుమ్ము తుడుచుకుంటున్నాడు. లోపల పారాల చప్పుడు ఒక్కసారి ఆగింది.

మళ్లీ మొదలైంది.